కాలము చెప్పని రాళ్లు



ఎఱ్ఱగుంట్లనుండి ముద్దనూరునకు రైలులో పోవునపుడు కిటికీకడ కూర్చున్నవారికి రాయలసీమ తాపవిద్యుత్కేంద్రపు ఎత్తైన పొగగొట్టములు కనబడును. వానిని చూచుచుండగనే కలమల్ల దాటిపోవును. ఆ చిన్న గ్రామమున చెన్నకేశవస్వామి గుడి ఆవరణమున ఒక విఱిగిన శాసనస్తంభము దొరకినది. ఆద్యంతము తెలుగుభాషలో వ్రాయబడి నేటివఱకు లభించిన శాసనములలో దానినే మొట్టమొదటిదిగా పండితులు పరిగణించుచున్నారు. దాని కాలము క్రీ.శ. 575 ప్రాంతమని పాఠ్యపుస్తకములందును సభలయందును చెప్పుట మీరు వినియేయుందురు. 2008వ సంవత్సరమున భారత ప్రభుత్వము తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి నొసగిన రోజులలో, మన నుడి యెంత పాతది అను వాదము వచ్చినప్పుడెల్ల ఈ రాతిపేరు వినవచ్చినది.

నేను జమ్మలమడుగు ప్రాంతపు పల్లెలో ఏడవతరగతి పిల్లలకు ఈ సంగతి చెప్పుచుండగా, వెనుక వరుసలో కూర్చున్న ఒక పిల్ల లేచి, "రాయి మీద ఐదు వందల డెబ్బై ఐదు అని రాసుండాదా అయివారూ?" అని అడిగినది. లేదంటిని. "మరి యెట్ల తెలిసె?" అన్నది. పండితులు చెప్పిరంటిని. "వాళ్లకెట్ల తెలిసె?" అన్నది. ఆ దినమున నాకు ఉత్తరము తోచలేదు. గంట కొట్టుటచే బ్రతికితిని. నాకు వ్యాకరణము, అమరము, పంచకావ్యములు గురుముఖమున వచ్చును గాని, తేదీ లేని రాతికి తేదీ యెట్లు పుట్టునో ఏ గురువును నాకు చెప్పియుండలేదు. తరువాత చాల యేండ్లు ఆ పిల్ల ప్రశ్నను వెంటబెట్టుకొని తిరిగితిని. ఈ పూట మీకు మనవి చేయబోవునది ఆ తిరుగుటలో నాకు దొరకినదే.

మొదట శాసనమున నున్నదేమో చూతము. రేనాడు అను దేశమును ఎఱికల్ ముతురాజు అను బిరుదుగల ధనంజయుడు ఏలుచుండిన కాలమున ఆ స్తంభము నాటబడినది. రేనాడన నేటి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కమలాపురము చుట్టుపట్ల నేల. పెన్నకును దాని ఉపనదులకును నడుమనున్న నల్లరేగడి సీమ. ఏలుచున్నవాడను అర్థమున 'ఏళన్' అను మాట అందు కలదు. అంతకు పూర్వము ఈ దేశపు రాజులు తమ దానములను సంస్కృతముననో ప్రాకృతముననో వ్రాయించుచుండిరి. రేనాటి రాజులు మాత్రము జనులకు తెలియు మాటలలో చెక్కించిరి. స్తంభము విఱిగినందున వాక్యములు అక్కడక్కడ తెగిపోయినవి. శకవర్షము లేదు, తిథివారములు లేవు, గ్రహణప్రస్తావము లేదు.

వీరిని చరిత్రకారులు ఒకచోట రేనాటి చోళులనియు, వేఱొకచోట తెలుగు చోడులనియు వ్రాయుదురు. ఇవి రెండు వంశములు కావు. తమిళులు 'పఴము' అనునపుడు నాలుకను వెనుకకు మడచి పలుకు అక్షరమొకటి కలదే, ఆ 'ఴ' ఒకప్పుడు మన తెలుగునను ఉండెను. రేనాటి శాసనములలో అది స్పష్టముగ కనబడును. తరువాత ఆ పలుకు మన నోట నశించి, కొన్నిచోట్ల డకారముగను, హల్లుతో కూడినచోట రేఫముగను మాఱినది. కావుననే చోఴుడు మనకు చోడుడాయెను. తమిళుల కోఴి మనకు కోడి యాయెను. ఈ పోయిన అక్షరము శాసనకాలమును నిర్ణయించుటకు ఒక ఆనవాలు. ఒక రాతిపై ఆ అక్షరము సరియైన చోట్ల సరిగా వాడబడియున్నచో, ఆ వ్రాత అది జనుల నోట బ్రతికియున్న నాటిదని యూహింపవచ్చును.

శాసనమును పండితులు రాతియొద్దనే కూర్చుండి చదువరు. మొదట రాతిని నీటితోను కుంచెతోను కడుగుదురు. దళసరి కాగితమును తడిపి రాతిపై పఱచి, గట్టి వెండ్రుకల కుంచెతో మెల్లమెల్లగా కొట్టుదురు. కాగితము అక్షరపు పల్లములలోనికి దిగును. కొంచెము ఆఱిన పిమ్మట గుడ్డయుండకు నల్లసిరా అద్ది పైపైన అద్దుదురు. రాతిముఖమంతయు నల్లగను, అక్షరములు మాత్రము తెల్లగను తేలును. దీనినే అచ్చుకాగితమందురు. ఎండ పడిన రాతిమీద మన కంటికి ఆనని గీతయు దీనిలో కనబడును. రాతిమీద సున్నమో సుద్దయో పూసి చదువుట దీనికంటె సులభమైన పని, కాని అది చదువరి తలచిన అక్షరమునే చూపును. ఈ దోషమున నేనొకమాఱు పడితిని; ఆ ముచ్చట ముందు చెప్పెదను.

ఇక కాలనిర్ణయము. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లను ఎఱుగనివారు మన జిల్లాలో లేరు. ఈనాడు యంత్రములు వచ్చినవి గాని, నా చిన్ననాట షరాబు నగను చేతబట్టి ఒరగల్లుమీద ఒక గీత గీయుచుండెను. ఆ గీతనుమాత్రము చూచి వన్నె చెప్పుట వానికైనను కష్టము. అందుచే ప్రక్కనే, వన్నె ముందుగా తెలిసిన కడ్డీతో మఱియొక గీత గీయును. రెంటిని కలిపి చూచును. సరిపడకున్న వేఱొక కడ్డీ తీయును. తెలియనిదానిని తెలిసినదాని ప్రక్కన నిలుపుటయే ఆ విద్య. లిపిశాస్త్రజ్ఞులు చేయునదియు ఇంతే. వారికి వన్నె తెలిసిన కడ్డీలు తేదీగల శాసనములు. బాదామి కొండమీద మొదటి పులకేశి చెక్కించిన శాసనమునకు శకవర్షము 465 కలదు, అనగా క్రీ.శ. 543. అదే బాదామిలో మంగళేశుని గుహాశాసనము శకము 500నాటిది, అనగా 578. ఐహొళెలో రవికీర్తి రచించిన రెండవ పులకేశి ప్రశస్తి శకము 556నాటిది, అనగా 634. ఆనాడు కన్నడ తెలుగు దేశములకు లిపి దాదాపు ఒక్కటియే. కావున ఈ రాళ్లను వరుసగ నిలిపి, కలమల్ల యక్షరములు దేనికి చేరువయో చూచుటకు వీలు కలిగినది.

అక్షరములు మాఱునా యని మీరడుగవచ్చును. మాఱును. మన రకారమును తీసికొనుడు. తొలినాళ్లలో అది వట్టి నిలువు గీత. తరువాత ఆ గీత అడుగున వంగి ప్రక్కగా పైకి లేచినది. లేచిన కొన క్రమముగ పొడుగై మొదటి గీతతో సమానమాయెను. పిదప రెండును కలిసి గుండ్రని రకారమాయెను. కకారపు తోకయు అట్లే వంగి చుట్టుకొన్నది. కొన ఎంతదూరము లేచినదో చూచినవాడు రమారమిగా కాలము చెప్పగలడు, దూడ కొమ్ములు చూచి రైతు దాని వయస్సు చెప్పినట్లు.

రమారమిగా అంటిని. ఇచ్చట తొందరపాటు కూడదు. నా తండ్రిగారి నాటి కరణములు పాతవ్రాత విడువక, కొత్తవ్రాత నేర్చిన కుఱ్ఱ గుమాస్తాలతో ఒకే కచ్చేరిలో కూర్చుండిరి. ఇరువురి కాగితములు ఒకే దినమున పుట్టినను, లిపి చూచినవాడు వానినడుమ నలుబది యేండ్ల యెడమున్నదనుకొనును. చెక్కినవాడు వృద్ధుడో యువకుడో రాయి చెప్పదు. కావున అక్షరములను మాత్రమే నమ్మి తేదీ చెప్పినచో ఇరువదియైదేండ్లు అటో యిటో, ఒక్కొక్కప్పుడు యాబదియేండ్లు, విడిచి చెప్పవలయును.

అందువలన పండితులు రెండవ సాక్షిని వెదకిరి. కమలాపురము తాలూకా మాలెపాడులో పుణ్యకుమారుడను చోళరాజు వేయించిన తామ్రశాసనము దొరకినది. హెచ్. కృష్ణశాస్త్రిగారు దానిని ప్రకటించిరి. అందు వంశక్రమము కలదు. కరికాలుని వంశమువాడైన నందివర్మకు సింహవిష్ణువు, సుందరనందుడు, ధనంజయుడు అని ముగ్గురు కొడుకులు. ధనంజయుని కొడుకు మహేంద్రవిక్రముడు. వాని కొడుకులు గుణముదితుడు, పుణ్యకుమారుడు. ఆ ధనంజయుడే కలమల్ల ధనంజయుడని యెట్లు నమ్ముట? పేరొక్కటియే యైనచో నమ్మనక్కఱలేదు. ఒకే పేరువారు పదిమంది యుండవచ్చును. కాని ఎఱికల్ ముతురాజు అను బిరుదమే తిప్పలూరు శాసనమున పుణ్యకుమారునికిని కలదు. ఏలిన దేశము రేనాడే. లిపి చూడగా కలమల్లది పాతది, పుణ్యకుమారునిది తరువాతిది. తాతకును మనుమనికిని ఉండవలసిన యెడము ఉన్నది. ప్రొద్దుటూరు ప్రక్కన పెన్నయొడ్డున రామేశ్వరములోను పుణ్యకుమారుని శాసనము కలదు. ముక్తిరామేశ్వరుని దర్శనమునకు పోవువారిలో ఎందఱు దానిని చూచియుందురో నాకు తెలియదు.

ఇప్పుడు లెక్క కట్టుడు. పుణ్యకుమారుని ఏడవ శతాబ్ది పూర్వార్ధమున నిలిపి, తరమునకు ఇరువదియైదేండ్ల చొప్పున రెండు తరములు వెనుకకు పోయినచో ధనంజయుడు 575 ప్రాంతమునకు వచ్చును. ఆ పిల్ల అడిగిన అంకె ఇట్లు పుట్టినది. కాని దీనికి మూలమైన స్తంభము పుణ్యకుమారుని కాలము గదా. దానిని కదల్చిన అన్నియు కదలును. మొదట చూచినవారిలో కొందఱు ఆయనను ఎనిమిదవ శతాబ్దికి దింపిరి. అట్లైనచో తాతయు దిగివచ్చును. తరువాత కె.ఎ. నీలకంఠశాస్త్రిగారును ఎం. వెంకటరామయ్యగారును రేనాటి శాసనములన్నిటిని ఒకచోట చేర్చి 'ఎపిగ్రాఫియా ఇండికా' 27వ సంపుటమున ప్రకటించిరి. విడివిడిగా చూచినప్పుడు కలుగని నిశ్చయము వరుసలో నిలిపి చూచినప్పుడు కలిగినది. రేనాటి రాజుల కాలము పైకి పోయినది. ఒక పండితుడు చెప్పినదానిని మఱియొకడు సవరించినప్పుడు కొందఱు నవ్వి, వీరి మాటకు నిలుకడ లేదందురు. నాకట్లు తోచదు. కొత్తసాక్ష్యము వచ్చినను మాట మార్చనివానిని చూచినచోనే నాకు భయము.

మూడవ సాక్షి పరదేశి. హ్యూయన్‌త్సాంగు అను చీనా యతి ఏడవ శతాబ్దిలో, 640 ప్రాంతమున, మన ఆంధ్రదేశమున తిరిగెను. ధాన్యకటకమునకు నైరృతిదిశగా సుమారు వేయి 'లీ'ల దూరమున చుళియ అను రాజ్యమున్నదనియు, అచటినుండి దక్షిణముగ పోయిన కాంచీపురము రాజధానిగాగల ద్రావిడదేశము వచ్చుననియు వ్రాసెను. చుళియ యన్నది చోళ అను పేరే యని వినగానే తెలియును. కాని కావేరితీరపు చోళదేశము కంచికి దక్షిణమున నున్నది గదా! ఈయన చెప్పినది కంచికి ఉత్తరమున. యతి పొరబడెనని కొందఱును, పుస్తకములో దిక్కులు తాఱుమాఱైనవని కొందఱును అనిరి. కన్నింగ్‌హాం అను పురాతత్త్వవేత్త మాత్రము యతి చెప్పిన దూరమును కొలిచి చూచి అది కర్నూలు ప్రాంతము కావలెననెను. తరువాత రేనాటి శాసనములు బయటపడగా, కడప కర్నూలు సీమలలోనే చోళులను రాజులుండిరని తేలి, యతి వ్రాసిన దిక్కు సరియే యని తోచినది. ఆయన మన సీమను గూర్చి వ్రాసిన తక్కిన మాటలు అంత ముచ్చటైనవి కావు. అడవులు మెండనియు, జనులు తక్కువయనియు, దొంగలు బాహాటముగ తిరుగుదురనియు, ఎండ తీక్ష్ణమనియు వ్రాసెను. ఎండను గూర్చి మనము వాదింపబోము.

ఇట్లు మూడు వేర్వేఱు త్రోవలు, అక్షరము, వంశము, యాత్రికుని మాట, ఒక చోటికి చేరినవి. చేరిన చోటు ఆఱవ శతాబ్ది చివరిభాగము. 575 అన్నది ఆ చోటిలో మనము పాతుకొన్న గూటము. గూటమును చూపి, రాతిమీద ఆ యంకె యున్నదని పిల్లలకు చెప్పినచో అబద్ధమగును. సభలలో ఒకరు 'సరిగా ఇన్నియేండ్లు' అని లెక్కించి వార్షికోత్సవము చేయుదమనిరి. నేను వలదంటిని, నాకు భాషాభిమానము లేదనుకొనిరి.

ఇక నా తప్పు చెప్పెదను. 1987వ సంవత్సరము, ఉగాది గడచి కొద్దినాళ్లయినది. జమ్మలమడుగునకు దక్షిణముగ ఒక పల్లెలో ఆంజనేయస్వామి గుడిముందు శాసనమొకటి యున్నదని విని పోతిని. పై భాగము విఱిగి రాజు పేరు పోయినది. తెలుగు అంకెలు, సంవత్సరము పేరు, దానము చేసిన చేనిపేరు మిగిలియుండెను. నేను సుద్దముక్కతో అక్షరములు నింపి, శకవర్షము 1422, ప్రమోదూత అని చదివి, క్రీ.శ. 1500 గనుక సాళువ ఇమ్మడి నరసింహుని నాటిదని గ్రామస్థులకు గర్వముగ చెప్పితిని. అరుగుమీద కూర్చున్న ఒక పెద్దరైతు అంతయు విని, "అయివారూ, ఇప్పుడు నడిచేది ప్రభవ గదా. యెనక్కి అరవై అరవై తీసుకుంటా పోతే ప్రమోదూత ఆడికి వస్తాదా?" అనెను. ఆయనకు పాతలిపి రాదు. చేవ్రాలు చేయుటకు మాత్రమే అక్షరములు నేర్చినవాడు. కాని అరువది సంవత్సరముల పేర్లు నోటికి వచ్చును.

నేను నవ్వుచునే లెక్క వేసితిని. శకము 1909 ప్రభవ. ఎనిమిది అరువదులు నాలుగువందల యెనుబది, తీసివేయగా 1429. అది ప్రభవ. 1430 విభవ, 1431 శుక్ల, 1432 ప్రమోదూత. 1422 రౌద్రి యగునే గాని ప్రమోదూత కానేకాదు. నా నవ్వు పోయినది. నీళ్లు తెప్పించి సుద్ద కడిగి మరల చూచితిని. నేను రెండనుకొన్న అంకె అడుగున అరిగిపోయిన చుట్టొకటి యున్నది; అది మూడు. నా సుద్ద దానిని కప్పివేసినది. శకము 1432 అనగా క్రీ.శ. 1510, శ్రీకృష్ణదేవరాయలు సింహాసనమెక్కిన మఱుసటి యేడు. పదియేండ్ల తప్పు చిన్నదని తోచును గాని దానితో రాజు మాఱెను, వంశము మాఱెను. ఆ పెద్దమనిషి నన్ను ఎగతాళి చేయలేదు. "పేరు గూడా రాసినోడు తెలివైనోడు, అంకె పోయినా పేరు పట్టిస్తాది" అని మాత్రము అనెను. అంతకంటె చక్కగా నేను ఏ గ్రంథములోను చదువలేదు.

ఈ అరువదేండ్ల తాళముచెవి అన్ని తలుపులకు పట్టదు. బృహస్పతి ఒక్కొక్క రాశిలో నుండు కాలము 361 దినములు. మన సంవత్సరము 365 చిల్లర. ప్రాచీనులు సంవత్సరనామమును బృహస్పతిగతితో ముడివేసినందున, ఎనుబదియైదేండ్లలో ఎనుబదియాఱు నామములు గడచును. ఒక పేరు లోపింపవలసి వచ్చును. ఉత్తరదేశీయులు అట్లు చేయుచుండిరి. దక్షిణమున పదవ శతాబ్ది మొదట ఈ లోపము మానివేసిరి. నాటినుండి పేర్లు వరుసగా నడచుచున్నవి. కావున విజయనగరకాలపు రాతికి ఈ లెక్క చెల్లును, చాళుక్యుల తొలిరాతికి చెల్లదు. తిథివారములు గల శాసనములకు మఱియు గట్టి పరీక్ష కలదు. ఫలాన శకము ఫలాన మాసమున పౌర్ణమి సోమవారమని యున్నచో, ఆనాడు నిజముగా సోమవారమేనా యని గణితముచే తేల్చవచ్చును. ఎల్.డి. స్వామికన్ను పిళ్లగారు క్రీ.శ. 700నుండి 1799వఱకు దినదినమునకు తిథివారములు కట్టి గొప్ప గ్రంథమును 1922లో వెలువరించిరి. ఆయనకు పూర్వమే 1896లో రాబర్ట్ సీవెల్ దొరయు, శంకర బాలకృష్ణ దీక్షితులును కలిసి ఇట్టి గ్రంథమునే వ్రాసిరి. దొంగశాసనములు పెక్కు ఈ వలలో చిక్కినవి. దొంగవాడు రాజు పేరు సరిగా వ్రాయును, బిరుదములు సరిగా వ్రాయును. అయిదువందల యేండ్ల క్రిందటి పౌర్ణమి ఏ వారమో వానికి తెలియదు.

ఇంత శ్రమయెందుకు, రాతిని ప్రయోగశాలకు పంపి వయస్సు కనుగొనరాదా యని యువకులు నన్నడుగుదురు. మంచి ప్రశ్నయే. దీనికి సమాధానము మన పులివెందులలోనే యున్నది. అచ్చటి సున్నపురాతి పొరల నడుమ నల్లని గట్టిరాతి పట్టలు కలవు. భూగర్భమునుండి కరగిన శిలాద్రవము పొరలసందున జొచ్చి చల్లారగా ఏర్పడినవవి. వానికిని తేదీ లేదు. కాని అట్టి రాతిలో కంటికి కనబడనంత సన్నని స్ఫటికములుండును. అవి పుట్టునపుడు తమలోనికి యురేనియమును రానిచ్చును, సీసమును రానీయవు. తుమ్మలపల్లె గని పుణ్యమా యని యురేనియము పేరు ఇప్పుడు ఆ ప్రాంతపు రైతులందఱకు తెలియును. ఆ యురేనియము తనంత తాను తఱిగి సీసమగుచుండును. దానిలో రెండు జాతులు కలవు. ఒకదానిలో సగము తఱుగుటకు సుమారు 447 కోట్ల యేండ్లును, రెండవదానిలో సగము తఱుగుటకు సుమారు 70 కోట్ల యేండ్లును పట్టును. ఒకే స్ఫటికములో రెండు గడియారములున్నవన్నమాట. రెండును ఒకే వయస్సు చెప్పినచో శాస్త్రజ్ఞులు నమ్ముదురు. చెప్పకున్న ఆ స్ఫటికమునకు నడుమ ఏదో జరిగినదని పరిశోధింతురు. నా పల్లెరైతు అంకెను పేరుతో సరిచూచినట్లే. 2008లో ప్రకటింపబడిన ఇట్టి పరీక్షయొకటి పులివెందుల నల్లరాతి వయస్సు సుమారు 188 కోట్ల 50 లక్షల సంవత్సరములని తేల్చినది. అటో యిటో ముప్పది లక్షలు తప్పవచ్చునట. ముప్పది లక్షలా యని ఆశ్చర్యపడకుడు. అది మొత్తములో ఆఱువందలింట ఒకవంతు. మన కలమల్ల లెక్కలో ఇరువదియైదేండ్లు తప్పినచో అది దాదాపు అరువదింట ఒకవంతు. ఎవరిది సూక్ష్మమైన లెక్కయో మీరే చూడుడు.

అయినను ఆ గడియారము శాసనమునకు పనికిరాదు. అది రాయి పుట్టిన నాటిని చెప్పును, ఉలి తగిలిన నాటిని చెప్పదు. ఉలిదెబ్బ రాతిలోనికి కొత్తగా ఏ పదార్థమును చేర్చదు. బొగ్గు, కఱ్ఱ, ఎముక వంటి ప్రాణముండిన వస్తువులకు కార్బనుతో వయస్సు కట్టు పద్ధతి వేఱుగ కలదు. అందు సగము తఱుగుటకు సుమారు 5730 ఏండ్లు. రాతికి అదియు చెల్లదు. కావున ధనంజయుని రాతికి దిక్కు అక్షరములే. అవి అరిగినచో, పగిలినచో, ఏ ప్రయోగశాలయు వానిని మరల ఇవ్వజాలదు.

ఇచ్చట నాకు కోపము వచ్చు సంగతి చెప్పక తప్పదు. అక్షరములున్న రాతిక్రింద నిధి యుండునని మన పల్లెలలో ఒక వెఱ్ఱి నమ్మకము. నా చిన్ననాట మా ఊరి చెఱువుకట్టమీద నున్న రాతిని ఒక అమావాస్యరాత్రి ఎవరో గునపములతో పెకలించి రెండు ముక్కలు చేసిరి. క్రింద దొరకినది మన్ను. పై ముక్క ఏమాయెనో తెలియదు. క్రింది ముక్క చాకిరేవునకు పోయినది. ఇరువది యేండ్ల తరువాత నేను పోయి చూచునప్పటికి రెండు పంక్తులు మాత్రమే మిగిలినవి. అందొక మాట 'చెఱువు'. ఆ చెఱువు ఎవరు త్రవ్వించిరో, తూము నీరు ఏ చేలకు హక్కో ఆ రాతిలోనే యుండియుండును. ఆ నీటికై మా ఊరివారు కోర్టులకు ఎన్ని మాఱులు తిరిగిరో నేనెఱుగుదును. నిధి యుండెను, దానినే పగులగొట్టిరి.

పురాణగాథలను నేను త్రోసివేయువాడను కాను. జమ్మలమడుగు ప్రాంతపు పెద్దముడియమే తూర్పుచాళుక్యుల కథలోని ముడివేము అగ్రహారమనియు, భర్తను పోగొట్టుకొన్న గర్భవతియైన రాణిని విష్ణుభట్ట సోమయాజి అచ్చట కాపాడెననియు ప్రసిద్ధి. ఆ కథ చాళుక్యుల పదునొకండవ శతాబ్దపు తామ్రశాసనములలో నెక్కినది. జరిగినదనబడు కాలమునకు అవి చాల తరువాతివి. కనుక అది ఆనాటి సంగతికి సాక్ష్యము కాదు; పదునొకండవ శతాబ్దివారు తమ పూర్వులను గూర్చి ఏమి నమ్మిరో దానికి మాత్రము గట్టి సాక్ష్యము. ఏ సాక్షిని ఏ విషయమున అడుగవలెనో తెలిసినచో అబద్ధమాడు సాక్షి చాల తక్కువ.

ఆ ప్రమోదూత రాతి గ్రామమునకు మొన్న మరల పోతిని. లెక్క చెప్పిన పెద్దమనిషి గతించి చాలకాలమైనది. ఆయన కుమారుడు నన్ను ఆనవాలుపట్టి, పాత దిగుడుబావి పూడిక తీయగా రాతిముక్క యొకటి బయటపడినదని చూపెను. విఱిగిపోయిన పై భాగమేమో, రాయలపేరు దొరకునేమో యని నా గుండె కొట్టుకొన్నది. నూలుదారముతో కొలిచితిమి. వెడల్పు సరిపడలేదు, విఱుగుడు అంచులు కలియలేదు. అది వేఱొక రాయి. కడిగి చూడగా నాలుగు పంక్తులు. రకారపు కొన సగమువఱకే పైకి లేచియున్నది. ఒకచోట నాకు 'ఴ' వలె తోచిన అక్షరము కలదు. వలె తోచినదని మాత్రమే అనుచున్నాను. ఈ మాఱు నేను సుద్ద ముట్టలేదు. కాగితము తడిపి, ఆ పిల్లవాడు పట్టుకొనగా నేను కుంచెతో కొట్టి అచ్చుతీసి, మైసూరులోని శాసనశాఖవారికి గతవారమే పంపితిమి.